కర్టెన్ వెనక దాక్కునే పిల్లాడు

ప్రశ్న: మాది విశాఖపట్నం, మధురవాడ. మా బాబుకు రెండేళ్ళ ఎనిమిది నెలలు. ఒంటికి వస్తే చెబుతాడు, పాటీ మీద కూర్చుంటాడు. రెంటికి మాత్రం డైపర్ వేయమని ఏడుస్తాడు. వేయగానే హాల్లో కర్టెన్ వెనకకు వెళ్ళి నిలబడే కానిస్తాడు. రెండు వారాల క్రితం డైపర్లు అయిపోయాయని చెప్పి దాచేశాను. మూడు రోజులు బిగబట్టుకున్నాడు. నాలుగో రోజు కేకలు పెడుతూ వెళ్ళాడు, కొద్దిగా రక్తపు చార కూడా కనిపించింది. అప్పటి నుంచి రెండు మూడు రోజులకు ఒకసారే. జూన్‌లో ప్లే స్కూల్లో చేర్చాలి. డైపర్ ఉంటే చేర్చుకోబోమన్నారు. మా అత్తగారు, తను మా వారికి ఏడాదికే అలవాటు చేశానని, వీడిని నేనే గారాబం చేసి చెడగొట్టానని అంటున్నారు. మా వారికి రాత్రి షిఫ్టు. వచ్చే నెల శ్రీకాకుళంలో పెళ్ళి ఉంది, అక్కడ వీడితో ఎలాగో తెలియడం లేదు.
– ఒక తల్లి, మధురవాడ

జవాబు:

అమ్మా,

రక్తపు చార గురించి ఒక్క మాట రాసి, వెంటనే ప్లే స్కూలు సంగతిలోకి వెళ్ళిపోయారు మీరు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మీరు అడిగింది పాటీ గురించి. నాకు కనిపిస్తున్నది మలబద్ధకం. ముందు దాని పని చూద్దాం. జూన్ నెల ఎక్కడికీ పోదు.

నేను డాక్టర్ని కాను. ఎంవీపీ కాలనీలో ఇరవై రెండేళ్ళు, ఉద్యోగాలకు వెళ్ళే తల్లుల పిల్లలను పగలంతా చూసుకున్నాను. ఎన్ని లాగులు విప్పి ఉతికానో లెక్కలేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఈ వారంలోనే బాబును పిల్లల డాక్టరుకు చూపించండి. గట్టిపడిన మలం వచ్చేటప్పుడు అంచున చర్మం కొద్దిగా చిరుగుతుంది. మలం పైన ఎర్రని గీతలా కనిపించే రక్తం చాలాసార్లు ఆ చిరుగుదే, మానిపోతుంది కూడా. అయినా చూసి చెప్పవలసింది డాక్టరే. వాంతులు, ఉబ్బిన పొట్ట, జ్వరం, ఎక్కువ రక్తం, వీటిలో ఏది కనిపించినా వారం కాదు, ఆ పూటే వెళ్ళాలి.

మీ బాబు కర్టెన్ వెనక ఏం చేస్తాడో ఈసారి పక్కనుంచి చూడండి. ముఖ్యంగా డైపర్ లేనప్పుడు. కాళ్ళు కర్రల్లా బిగుస్తాయి. మునివేళ్ళ మీద లేస్తాడు. పిరుదులు దగ్గరికి నొక్కుకుంటాడు, కర్టెన్ అంచును గుప్పిట్లో నలుపుతాడు, మొహం ఎర్రబడుతుంది. చూసేవాళ్ళు ‘పాపం, ముక్కుతున్నాడు’ అనుకుంటారు. వాడు ముక్కడం లేదు. వస్తున్నదాన్ని వెనక్కి పంపుతున్నాడు.

వెనక్కి పోయింది ఊరికే ఉండదు. పెద్దపేగు చేసే పని నీళ్ళు పీల్చుకోవడం. మలం అక్కడ ఎంతసేపు నిలవ ఉంటే అంత ఎండుతుంది. మొదటి రోజు మెత్తగా రావలసింది నాలుగో రోజుకు లావెక్కి, గట్టిపడి, చర్మాన్ని చీరుకుంటూ వచ్చింది. దాంతో వాడు ఒక లెక్క కట్టుకున్నాడు. వస్తే నొప్పి, ఆపితే హాయి. రెండున్నరేళ్ళ బుర్రకు అది సబబైన లెక్కే. మనం దాన్ని మొండితనం అంటున్నాము, అంతే తేడా.

ఇలాగే కొన్నాళ్ళు సాగితే లోపల పేగు సాగిపోయి, వస్తోందన్న కబురే సరిగా అందదు. పేరుకున్న గట్టి మలం పక్కనుంచి పలచనిది కారి లాగుకు మరకలు పడతాయి. వాటిని విరేచనాలనుకుని, కట్టడానికి మందు పోసిన ఇళ్ళు నాకు తెలుసు. మీ బాబుకు అంతవరకు రాలేదు. రానివ్వకండి.

డాక్టరు మలం మెత్తబడే సిరప్పో, నీళ్ళలో కలిపే పొడో రాస్తారు. ఇక్కడ దాదాపు అందరూ ఒకటే పొరపాటు చేస్తారు. రెండు రోజులు సాఫీగా వెళ్ళగానే సీసాకు మూత బిగించి ఫ్రిజ్ మీద పెట్టేస్తారు. సాగిన పేగు మళ్ళీ బిగువు తెచ్చుకోవడానికి, అంతకంటే ముఖ్యంగా ఆ నొప్పిని పిల్లాడు మరచిపోవడానికి, వారాలు పడుతుంది. ఒక్కోసారి నెలలు. ‘మందు లేకపోతే వెళ్ళడేమో, అలవాటు పడిపోతాడేమో’ అనే భయం ఉంటే అది డాక్టరునే అడగండి, కానీ ఆయన చెప్పకుండా ఆపకండి. తమలపాకు కాడను ఆముదంలో ముంచి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం వంటివి ఇంట్లో ఎవరైనా సూచిస్తే చేతులు జోడించి వద్దనండి. ఎక్కడ నొప్పి ఉందో సరిగ్గా అక్కడే ఇంకో నొప్పి పెట్టడం అది.

తిండి విషయం. పాలు ఎన్ని తాగుతున్నాడో రాయలేదు. లేవగానే ఒక సీసా, మధ్యాహ్నం ఒకటి, పడుకునే ముందు ఒకటి, రాత్రి ఏడిస్తే ఇంకొకటి అయితే మాత్రం కొలవండి. ఈ వయసుకు రోజంతా కలిపి అర లీటరు దాటనవసరం లేదు. పాలతో పొట్ట నిండిన పిల్లాడికి అన్నం, పప్పు, కూర ఎక్కడ పడతాయి? జామ, బొప్పాయి, గింజ తీసిన ఖర్జూరం, పప్పులో వేసిన తోటకూర, మీ అత్తగారికి బాగా తెలిసిన చోడి (రాగి) అంబలి, ఇవి పని చేస్తాయి. ఇప్పుడు ముంజలు కూడా వస్తున్నాయి. మన ఊరి ఉక్కపోతలో పిల్లల ఒంట్లో నీళ్ళు చెమటగా పోతూనే ఉంటాయి. నీళ్ళ గ్లాసు వాడి చేతికి అందే ఎత్తులో పెట్టండి, పొద్దస్తమానం రెండు గుక్కలు, రెండు గుక్కలు తాగనివ్వండి.

ఇక మీ అత్తగారు ఒప్పుకోని మాట చెబుతాను. దాచిన డైపర్లు బయటికి తీయండి. ఈ రోజే. ‘ఇవిగో నాన్నా, దొరికాయి. నీకు రెంటికి వచ్చినప్పుడు అడుగు, వేస్తాను’ అని చెప్పండి. ఓడిపోయినట్టు అనిపిస్తుంది, తెలుసు. కానీ వాడికి ఇప్పుడు పాటీ నేర్పడం మన పని కాదు, రోజూ నొప్పి లేకుండా వెళ్ళేలా చూడడమే పని. కర్టెన్ వెనక నిలబడి వెళితే వెళ్ళనివ్వండి.

మెత్తగా, రోజూ లేదా రోజు విడిచి రోజు వెళ్ళడం రెండు వారాలు నిలకడగా సాగాక, చోటు మార్చండి. డైపర్ ఉంటుంది, కర్టెన్ ఉండదు. బాత్రూములో నిలబడి వెళ్ళాలి. అది అలవాటయ్యాక డైపర్‌తోనే పాటీ మీద కూర్చోవాలి. ఆ తరవాత కింద కత్తెరతో చిన్న చిల్లు పెట్టి అదే డైపర్ తొడగండి. రోజులు గడిచేకొద్దీ చిల్లు పెద్దదవుతుంది. చివరికి నడుము చుట్టూ పట్టీలా మిగిలేది డైపర్ అని పేరుకే. నవ్వు వస్తోందా? మా దగ్గర ఒక పిల్లాడు ఆ పట్టీ లాంటి ముక్కను కట్టుకుని నెలరోజులు దర్జాగా కూర్చున్నాడు. ఒక రోజు తనే విప్పి, ‘ఇది గుచ్చుకుంటోంది’ అని నా చేతికి ఇచ్చాడు. ఏ మెట్టు దగ్గరైనా భయపడితే ఒక మెట్టు కిందికి దిగండి. ఎవరూ పరుగు పెట్టించడం లేదు.

కూర్చోబెట్టే తీరు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఇది చాలామంది పట్టించుకోరు. మలద్వారానికి పైన పేగును ఒక కండరం కొక్కెంలా ముందుకు లాగి పట్టుకుని ఉంటుంది. తోటకు నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టాన్ని మడతపెడితే నీళ్ళు ఆగినట్టు, మనం నిలబడి ఉన్నంతసేపు ఆ మడత అలాగే ఉంటుంది. గొంతుక్కూర్చుంటే కండరం వదులై గొట్టం తిన్నగా అవుతుంది. మన పాత మరుగుదొడ్ల సుఖం అదే. కమోడ్ మీద చిన్న సీటు వేసి కూర్చోబెట్టిన పిల్లాడి కాళ్ళు గాల్లో వేలాడుతుంటాయి. పడిపోతానేమో అని తొడలు బిగిస్తాడు, ఆ బిగువులో ఏదీ రాదు. నేల మీద పెట్టే చిన్న పాటీ అయితే పాదాలు నేలకు ఆనుతాయి, ఈ వయసుకు అదే మేలు. కమోడే వాడాలంటే కాళ్ళ కింద పీట తప్పనిసరి. మోకాళ్ళు నడుము కంటే కాస్త ఎత్తులో ఉండాలి. పాదాలు పూర్తిగా ఆనేంత ఎత్తున్న చెక్క పీట సరిపోతుంది, జారకుండా కింద పాత రబ్బరు చాప ముక్క వేయండి.

సమయం కూడా శరీరమే చెబుతుంది. పొట్టలోకి తిండి చేరగానే కింది పేగులో కదలిక మొదలవుతుంది. తిన్న పావుగంట నుంచి అరగంట లోపు చాలామంది పిల్లలకు వస్తుంది. అందుకే పొద్దున ఇడ్లీ తిన్నాక, రాత్రి అన్నం తిన్నాక, అయిదు నిమిషాలు. వచ్చినా రాకపోయినా లేపేయండి. ఫోను ఇచ్చి అరగంట కూర్చోబెడితే వాడు ఫోను చూడడం నేర్చుకుంటాడు. దానికి బదులు సబ్బు బుడగలు ఊదమనండి. బీచి రోడ్డు మీద అమ్మే ఆ చిన్న సీసా చాలు. ఊదేటప్పుడు పొట్ట దానంతట అదే నొక్కుకుంటుంది, కింద బిగువు సడలుతుంది. ముక్కమని వందసార్లు చెప్పడం కంటే ఒక బుడగ నయం.

ఈ అయిదు నిమిషాలు ఎవరివి? మీ ఉత్తరంలో మీ వారు ఒక్క వాక్యంలో కనిపించి షిఫ్టుకు వెళ్ళిపోయారు. రాత్రి షిఫ్టు వారు పొద్దున ఇంటికి వస్తారు కదా. బాబు ఇడ్లీ తినే వేళకు ఇంట్లోనే ఉంటారు. నిద్రకు ముందు ఆ అయిదు నిమిషాలు ఆయన బాత్రూము గుమ్మంలో కూర్చుని బుడగలు ఊదవచ్చు. మగపిల్లలకు నాన్న ఏం చేస్తాడో చూసి చేయడం ఇష్టం కూడా. మీరు ఇద్దరూ ఆఫీసుకు వెళ్ళే ఇల్లయితే ఇంత సదుపాయం కూడా ఉండేది కాదు.

మీ అత్తగారి మాటకు వద్దాం. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆ రోజుల్లో చంటిబిడ్డను చాపిన కాళ్ళ మీద కూర్చోబెట్టుకుని, ‘ఉస్స్... ఉస్స్’ అంటూ ఓపికగా వేచి ఉండేవాళ్ళు. బిడ్డ మొహంలో చిన్న మార్పు రాగానే పట్టుకుని పెరట్లోకి పరుగు. లంగోటి గుడ్డ తడిస్తే బిడ్డకు వెంటనే తెలిసేది, ఏడ్చేది. ఇప్పటి డైపర్ లోపలి పొడి తడిని జెల్లీలా పట్టేస్తుంది, పిల్లలకు తడిసిన సంగతే తెలియదు. అయితే ఏడాది వయసులో అలవాటు పడింది మీ వారు కాదు, మీ అత్తగారు. బిడ్డ గడియారాన్ని ఆవిడ కంఠస్థం చేశారు. అది తక్కువ పని కాదు, చాలా గొప్ప పని, కాకపోతే దానికి ఇంట్లో నలుగురు ఆడవాళ్ళు, ఒక పెరడు, రోజంతా తీరిక కావాలి. తన అవసరం తనే గుర్తించి, చెప్పి, ఆపుకుని, లాగు విప్పుకుని వెళ్ళడం వేరే విద్య. అది చాలామంది పిల్లలకు రెండేళ్ళకు, మూడేళ్ళకు మధ్యన వస్తుంది, కొందరికి ఇంకా ఆలస్యం. మీ వాడు ఒంటికి చెబుతున్నాడంటే సగం విద్య వచ్చేసినట్టే. గారాబం వల్ల చెడిందేమీ లేదు.

ఆవిడకు ఈ ముక్కలు చదివి వినిపించకండి, గొడవ అవుతుంది. ‘అత్తయ్యా, వీడి మొహం చూసి చెప్పడం నాకు రావడం లేదు, మీకు వచ్చు’ అనండి. ఏ వేళకు కర్టెన్ దగ్గరికి వెళుతున్నాడో వారం రోజులు ఆవిడనే క్యాలెండరు మీద గుర్తు పెట్టమనండి. ఆ కాగితం డాక్టరుకు చూపించవచ్చు. మందు ఎంత పని చేస్తోందో దానిలోనే తెలుస్తుంది.

ఒకే ఒక్క విషయంలో ఆవిడతోనైనా, ఎవరితోనైనా గట్టిగా ఉండండి. కొట్టడం, బెదిరించడం, పక్కింటి పిల్లతో పోల్చడం వద్దు. ఇంకొకటి, మాట. మన ఇళ్ళల్లో దానికి పెట్టిన పేరే ‘ఛీఛీ’. ‘ఛీఛీ వచ్చిందా?’ అని అడుగుతూ, ముక్కు మూసుకుంటూ కడుగుతూ, దాన్ని పదిమంది చూసే గిన్నెలో వేయమంటే పిల్లాడు కర్టెన్ వెనకకు కాక ఎక్కడికి పోతాడు? కక్కా అనండి, దొడ్డికి అనండి, ఏదైనా సరే, మొహం చిట్లించకుండా పలికే మాట అనండి. ప్లే స్కూలు ఆయాకు కూడా ఆ మాటే నేర్పండి. వాడు ‘కక్కా’ అని అడుగుతుంటే ఆమె కాకి ఎక్కడ అని కిటికీలోంచి చూసిన సంగతులు ఉన్నాయి.

అలాగే ఫ్లష్. చాలామంది పిల్లలకు ఆ చప్పుడు భయం. మా దగ్గర మూడేళ్ళ పాప ఒకతి చెవులు మూసుకుని, ‘నాది ఎక్కడికి పోయింది?’ అని అడిగేది. వాళ్ళ నాన్న ఏదో పనిలో ఉండి ‘సముద్రంలోకి’ అన్నాడట. ఆ ఆదివారం ఆర్కే బీచికి తీసుకెళితే అలల్లో కాలు పెట్టనంది. తను పెట్టకపోవడమే కాదు, నీళ్ళల్లో ఆడుతున్న పిల్లలందరినీ బయటికి రమ్మని ఒకటే కేకలు. కాబట్టి పిల్లాడు బాత్రూము బయటికి వచ్చాకే నొక్కండి. తనే నొక్కుతానంటే నొక్కనివ్వండి. సముద్రం ప్రస్తావన వద్దు.

మధ్యలో లాగులు పాడవుతాయి. ఎనిమిది, పది నూలు లాగులు ఉంచుకోండి, ఎండలున్న ఈ నెలల్లో గంటలో ఆరిపోతాయి. అక్టోబరు, నవంబరు ముసురులో ఇదే పని పెట్టుకుంటే ఇల్లంతా తడి బట్టల వాసన. పాడైనప్పుడు ‘ఫరవాలేదు, పద కడుగుదాం’ అనే రెండు మాటలు చాలు, ఉపన్యాసం వద్దు. అయినప్పుడు కూడా చప్పట్లతో ఇల్లు ఎగరగొట్టకండి. వీడియో తీసి బంధువుల గ్రూపులో పెట్టడం అసలే వద్దు. అంత సందడి చేస్తే మర్నాడు రాకపోయినప్పుడు వాడికి అది ఓటమి అవుతుంది.

రాత్రి డైపర్ గురించి మీరు అడగలేదు, మంచిదే. దాన్ని ఇప్పుడు ముట్టుకోకండి. నిద్రలో ఆపుకోవడం నేర్పితే వచ్చేది కాదు, శరీరం పెరిగేకొద్దీ వస్తుంది. అయిదేళ్ళ వరకు పక్క తడిపినా డాక్టర్లు దాన్ని జబ్బుగా చూడరు.

ప్లే స్కూలు వాళ్ళతో దాపరికం లేకుండా మాట్లాడండి. ఒంటికి చెబుతాడని, రెంటికి ఇంట్లోనే వెళతాడని, వైద్యం జరుగుతోందని చెప్పండి. బడి నడిచేది మూడు గంటలు. పొద్దున ఇంట్లో వెళ్ళి వచ్చే పిల్లాడితో వాళ్ళకు వచ్చే ఇబ్బంది ఏమీ ఉండదు. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఆగస్టులో చేర్చండి, లేకపోతే ఇంకొక బడి చూడండి. మధురవాడలో ప్లే స్కూళ్ళకు కరవు లేదు. జూన్ కోసం తొందరపెడితే మాత్రం ఆ మూడు రోజుల బిగబట్టడమే మళ్ళీ చూస్తారు. ఈసారి అది బడిలో మొదలవుతుంది.

పెళ్ళికి డైపర్‌తోనే తీసుకెళ్ళండి. కొత్త ఇల్లు, కొత్త బాత్రూము, వందమంది జనం. పెద్దవాళ్ళకే అక్కడ కుదరదు. మందు సీసా చేతిసంచిలోనే పెట్టుకోండి, పెట్టెలో కాదు. పెట్టె ఏ గదిలోకి వెళుతుందో పెళ్ళిళ్ళలో ఎవరికీ తెలియదు. నీళ్ళ సీసా వెంట ఉంచండి. లడ్డూలు, కాజాలు చేతికి ఇచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, మధ్యలో ఒక జామపండు ముక్క మీరు ఇవ్వండి. విడిదిలో కర్టెన్ ఉందో లేదో వెళ్ళగానే చూసుకోండి. లేకపోతే ఒక మూల పాత చీర కట్టి వాడికి చూపించండి. పందిట్లో ఎవరైనా ‘ఇంత పిల్లాడికి ఇంకా డైపరా?’ అంటే, జవాబు చెప్పే పని మీ అత్తగారికి అప్పగించండి. మనవడి మీద పరాయివాళ్ళు మాట అంటే ఆవిడ ఊరుకోరని నా నమ్మకం.